పోత ఆగిన చోట

ఆ వేసవి మూడు నెలలూ దేశం మా పెరట్లోనే అభివృద్ధి చెందింది. బట్టలారేసుకోవడానికి చోటు లేనంతగా చెందింది. దండెం కట్టే గుంజకు ఆనుకుని సుత్తి పట్టుకున్న రైలు కార్మికుడు, నీళ్ళ తొట్టి పక్కన నర్సు, మెట్ల కింద పుస్తకం తెరిచిన పంతులుగారు, వంటింటి కిటికీకి అడ్డంగా ఫ్యాక్టరీ మనిషి. అందరూ మైనం మనుషులే. ఎండకి మెత్తబడతారని అందరికీ నా పాత దుప్పట్లు కప్పాం. అయినా మిట్టమధ్యాహ్నం నర్సు ముక్కు కాస్త కిందికి జారేది. నేను అంట్లు తోముకునే చేత్తోనే తడిగుడ్డ వేసి పైకి నెట్టి వచ్చేదాన్ని. దేశాభివృద్ధిలో నా పాత్ర ప్రధానంగా అది.

మా ఆయనది కంచు విగ్రహాల పోత పని. ముందు మైనంతో బొమ్మ చేస్తారు. దాని చుట్టూ మట్టి మెత్తి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, లోపల బొమ్మ ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన కంచు పోస్తారు. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చదివాను కాబట్టి, చివర్లో విగ్రహానికి రంగు తెప్పించే ఉప్పునీళ్ళు కలిపే పని నాది. ఆ పట్టా వల్ల మా ఇంటికి ఒరిగింది అదొక్కటే అని మా అత్తయ్య అనేది. పప్పులో ఉప్పు మాత్రం ఎప్పుడూ ఎక్కువే కదా అని కూడా అనేది.

దేశానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయని, పెద్ద కూడలిలో బస్టాపు ఎదురుగా అయిదు కంచు విగ్రహాలు నిలబెట్టాలని ప్రభుత్వం అనుకుంది. దేశాన్ని కట్టినవాళ్ళ బొమ్మలు. పని మాకొచ్చింది. పనితో పాటు ఒక ఆఫీసరూ వచ్చాడు. వారం వారం వచ్చి మైనం మొహాలన్నీ పరీక్షగా చూసేవాడు.

"ఈ నర్సు కాస్త అలిసిపోయినట్టుందండీ," అన్నాడు మొదటి వారం.

"రెండు డ్యూటీలు చేసి వచ్చినట్టుంది సార్," అన్నాను టీ ఇస్తూ.

ఆఫీసరు మా ఆయన వంక చూశాడు. మా ఆయన చూరు వంక చూశారు.

"కొంచెం నవ్వు పెంచండి. యాభై ఏళ్ళ ప్రగతి కదా!"

నవ్వు పెంచాం. గరిటె కాడ వేడి చేసి పెదవుల మూలల్లో అద్దితే నవ్వు పెరుగుతుంది, పెద్ద కష్టం కాదు. మరుసటి వారం పంతులుగారికి, ఆ పై వారం రైలు కార్మికుడికి. ఆఫీసరుకి మేం పెట్టుకున్న పేరు నవ్వు సార్.

అయిదో బొమ్మ ఆనకట్ట కట్టిన ఆడమనిషి. ఆఫీసు వాళ్ళు పంపిన గీత చిత్రంలో ఆమె నెత్తిన తట్ట, ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చెయ్యి గాల్లో ఊపుతోంది. మా అత్తయ్య గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

"ఇది తట్ట మోస్తోందా, సినిమాకెళుతోందా?"

"అమ్మా, వాళ్ళు పంపిందే అది," అన్నారు మా ఆయన.

"కాంక్రీటు తట్ట నెత్తినుంటే ఎవరైనా చెయ్యి ఊపుతార్రా? మెడ విరిగి చస్తారు."

ఆవిడకి తెలిసే అంది. పెళ్ళి కాకముందు మూడేళ్ళు ఆనకట్ట పనిలో తట్టలు మోసింది. అక్కడే ఆవిడ చెల్లెలు పోయింది. ఆ పిల్లని అందరూ పిచ్చుక అని పిలిచేవారట. ఆనకట్ట దగ్గర రాతి పలక మీద, జాతి కోసం ప్రాణత్యాగం చేసినవాళ్ళ వరసలో ఆ పేరుంది. మాకు తెలిసింది అంతవరకే. ఎలా పోయిందని అడిగితే "పనిలో" అనేది. ఇంకో ప్రశ్నకి చోటుండేది కాదు.

"అయితే నువ్వే నిలబడమ్మా. చూసి చేస్తాను," అన్నారు మా ఆయన.

అరవై అయిదేళ్ళ మనిషి. మోకాళ్ళ నొప్పులని రోజూ గోడ పట్టుకుని నడిచే మనిషి. తట్టలో సగం ఇసక పోయించుకుంది, గుడ్డ చుట్టి నెత్తిన కుదురు పెట్టుకుంది, "ఎత్తవే అమ్మాయ్," అంది. ఎత్తాను. నా కళ్ళ ముందే ఆవిడ వీపు నిటారైంది. మెడ కింద ఎక్కడో దాక్కున్న కండ బయటికొచ్చింది. ఒక చెయ్యి తట్ట అంచు మీద, రెండోది ఒంటికి కాస్త దూరంగా, తాడు మీద నడిచేవాళ్ళలా. మా ఆయన గబగబా మైనం ముద్దలు అద్దుతున్నారు.

రెండో రోజనుకుంటాను, ఆవిడ మాట్లాడింది. మెడ తిప్పకూడదు కదా, అందుకని ఎదురుగా ఉన్న గోడతో చెప్పింది.

"పొద్దుట్నించీ పోత నడుస్తోంది. రెండు చెక్కల మధ్య కాంక్రీటు. పైన పలకల మీద మేం. పిచ్చుక నాకంటే నలుగురు ముందు. పలక తడిగా ఉంది. జారింది."

మా ఆయన చేతిలో కత్తి ఆగింది.

"నువ్వు చెయ్యరా, ఎండెక్కుతోంది... ఆపండీ అని అరిచాను. మేస్త్రీ చెడ్డవాడేం కాదు. ఆయనా ఏడుస్తున్నాడు. ఆపకూడదమ్మా, మధ్యలో పోత ఆపితే గోడ నిలబడదు, కింద పన్నెండు ఊళ్ళున్నాయి అన్నాడు. అప్పుడిక ఎవరేమంటారు? వరస కదిలింది. నా వంతు వచ్చింది."

గోడ మీద బల్లి ఒకటి పాకి కిటికీ వెనక్కి పోయింది. ఆవిడ అది పోయేదాకా చూసింది.

"నేనూ పోశాను."

తట్ట దించడానికి నేను ముందుకెళ్ళాను. "ఉండవే," అంది. "అవలేదు ఇంకా."

కాసేపటికి కొడుకుని అడిగింది. "ఆపకూడదు కదరా? నీకూ తెలుసుగా."

"అవునమ్మా," అన్నారు మా ఆయన. "పోత ఆపకూడదు."

ఆయన అబద్ధమాడలేదు. కంచు పోతలో మొదటి సూత్రం అదే. మా మామగారి కాలం నుంచీ రోజూ పనివాళ్ళకి ఆ మాట చెప్పే ఇంట్లో ఆవిడ నలభై ఏళ్ళు బతికింది. ఎన్నిసార్లు విన్నా మళ్ళీ వినడానికి గుమ్మం దాకా ఎందుకొచ్చేదో నాకు ఆ రోజు అర్థమైంది. ఆ ఒక్క మాటే ఆవిడని నిలబెట్టింది. ఆపే వీలే లేదు, కాబట్టి ఎవరి తప్పూ లేదు, తన తప్పు అసలే లేదు.

కాంక్రీటు పోత అవసరమైతే ఆపుతారని, తర్వాత అతుకు వేసి మళ్ళీ మొదలుపెడతారని నేనెక్కడో చదివినట్టు లీలగా గుర్తు. ఆ రోజు నా చదువుని వంటింట్లోనే వదిలి వచ్చాను.

మైనం బొమ్మ పూర్తయ్యాక నవ్వు సార్ వచ్చి చాలాసేపు చూశాడు.

"ఈవిడ... నవ్వదా?"

"తల మీద బరువుంది సార్. నవ్వితే తట్ట కదులుతుంది," అన్నాను.

సాంకేతిక కారణం అనేసరికి ఒప్పుకున్నాడు.

మిగతా నలుగురి పోత ఏ గొడవా లేకుండా అయిపోయింది. పెద్ద విగ్రహాన్ని ముక్కలుగా పోసి తర్వాత అతుకుతారు. అయిదో బొమ్మకి నడుము నుంచి పాదాల దాకా ఉన్న ముక్క పెద్దది. దాన్ని చివర్న పోశారు. ఆవిష్కరణకి ఇరవై రోజులుంది. ఆ ముక్క చెడితే మళ్ళీ మైనం చేసి, మట్టి మెత్తి, ఆరబెట్టి పోసే వ్యవధి లేదు.

పొద్దున్నే కొలిమి రాజుకుంది. గోతిలో మట్టి అచ్చు దించారు. గోతికి అడ్డంగా పలక వేసి, దాని మీద పొడుగాటి ఇనపకడ్డీతో మా జిరాఫీ నిలబడ్డాడు. మా దగ్గర పదిహేనేళ్ళుగా చేస్తున్న మనిషి. చూరుకి తల తగిలే పొడుగు. కంచు మీద తేలే తెట్టు పక్కకి తోసే పని ఆయనది. కరిగిన కంచు ఉన్న మూస గొలుసులకి వేలాడుతోంది. దాన్ని వంచే పిడి మా ఆయన చేతిలో ఉంది.

"మొదలెట్టాక ఆపేది లేదు," అన్నారు ఎప్పట్లాగే. "దగ్గొస్తే మింగండి."

"తుమ్మొస్తే?" అన్నాడు జిరాఫీ, ఎప్పట్లాగే.

"ఇంటికెళ్ళి తుమ్ము."

నేనూ అత్తయ్యా గుమ్మంలో నిలబడ్డాం. మూస వంగింది. నారింజ రంగు తీగలాగా కంచు దిగుతోంది. సగం పైగా దిగి ఉంటుంది. జిరాఫీ ఒక అడుగు పక్కకి వేశాడు. పలక అంచు కిర్రుమంది. ఆయన కాలు జారి తొడ దాకా గోతిలోకి పోయింది. మోచేతులు పలకకి తన్ని పెట్టి వేలాడుతున్నాడు. దిగుతున్న కంచుకీ ఆ మోకాలికీ మధ్య జానెడు దూరం లేదు.

"ఆపరా!"

మా అత్తయ్య గొంతు అలా ఉంటుందని నాకు తెలీదు. అది ముసలావిడ గొంతు కాదు.

మూస వెనక్కి లేచింది. కంచు తీగ తెగిపోయింది. ఇద్దరు పరిగెత్తి జిరాఫీ చంకల కింద చేతులు వేసి లాగారు. చెప్పు ఒకటి గోతిలో పడి అంటుకుంది. అంతా కలిపి పది లెక్కపెట్టేంత సేపు. ఆ తర్వాత మా ఆయన మళ్ళీ మూస వంచారు, మిగతాది పోశారు. జిరాఫీ నేల మీద కూర్చుని తన కాలి వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు.

"నేను అరవకుండా ఉండాల్సింది," అంది అత్తయ్య.

"నీ అరుపు విని ఆపలేదమ్మా," అన్నారు మా ఆయన చెమట తుడుచుకుంటూ. "చెయ్యే ఆగిపోయింది."

అచ్చు చల్లారడానికి రెండు రోజులు. ఆ రెండు రోజులూ ఆవిడ సరిగ్గా తినలేదు. కొడుకు పని పాడుచేశానని బాధ అనుకున్నాం. "పోతే పోయిందిలే అమ్మా, జిరాఫీ ఉన్నాడు కదా," అని ఆయన, "ఇంకో ముద్ద తినండి అత్తయ్యా," అని నేను. రెండో రోజు సాయంత్రం ఆవిడ గోతి గట్టు మీద కూర్చుని ఆ మట్టి ముద్దనే చూస్తుంటే నాకు ఉన్నట్టుండి తట్టింది. బొమ్మ బాగా రావాలని కాదు ఆవిడ ఎదురుచూపు. అది విరిగి రావాలి. రెండు ముక్కలై రావాలి. అలా వస్తేనే మేస్త్రీ చెప్పింది నిజమవుతుంది. ఛీ, ఏం ఆలోచన ఇది అని నన్ను నేనే తిట్టుకున్నాను కానీ, ఆ తర్వాత ఆవిడ మొహం వంక చూడలేకపోయాను.

మూడో రోజు అచ్చు పగలగొట్టారు. కాలిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. లోపల్నించి నడుము వచ్చింది. బట్ట మడతలు వచ్చాయి, మోకాళ్ళు వచ్చాయి, పాదాలు వచ్చాయి. అంతా ఒకటే ముక్క. తుంటి దగ్గర మొదలై మోకాలి పక్కదాకా ఏటవాలుగా ఒక గీత మాత్రం ఉంది. వెంట్రుక మందం. ముందు పోసిన కంచు, ఆగి పోసిన కంచు కలిసిన చోటు.

జిరాఫీ ఆ గీతని వేలితో తడిమి పక్కకి జరిగాడు.

అత్తయ్య దగ్గరికొచ్చింది. "కొట్టి చూడు," అంది.

పోత మంచిదో కాదో చెప్పేది సుత్తి. లోపల పగులుంటే కుండ పెంకు మీద కొట్టినట్టు బొంగురుగా మోగుతుంది. ఆ సంగతి మా ఇంట్లో పిల్లులకి కూడా తెలుసు. మా ఆయన సుత్తి తీసుకుని నిలబడ్డారు. నా వంక చూశారు. సాయం అడుగుతున్నట్టు చూశారు. నా దగ్గరేముంది? ఉప్పునీళ్ళు కలపడం తప్ప నాకేం వచ్చు?

గీత పైన కొట్టారు. ఖంగుమంది. గీత కింద కొట్టారు. ఖంగుమంది. చివరికి గీత మీదే కొట్టారు. ఆ మోత పెరడంతా తిరిగి, తొట్టిలో నీళ్ళు కదిలి, చాలాసేపటికి గానీ ఆగలేదు.

"ఆపితే ఏమైంది?" అంది అత్తయ్య.

"గీత పడిందమ్మా."

"నిలబడుతుందా?"

మా ఆయన సుత్తి కింద పెట్టారు. "నిలబడుతుంది."

"అంతేనా?"

"అంతే."

"ఓహో," అంది. బస్సు వెళ్ళిపోయిందని ఎవరో చెబితే అన్నట్టు. లోపలికెళ్ళి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది.

మూడు రోజులు లేవలేదు. జ్వరం లేదు. ఏడుపూ లేదు. మంచినీళ్ళు ఇస్తే తాగింది. డాక్టర్ని పిలుస్తానంటే "ఆయనేం చేస్తాడే," అంది. నేను పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగాను, బియ్యం ఏరాను, చిరిగిన దుప్పట్లు కుట్టాను. ఏదో ఒకటి అనాలని ఉండేది. కాంక్రీటు వేరు, కంచు వేరు అత్తయ్యా, ఇది చిన్న బొమ్మ, అది ఆనకట్ట అని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది నేను నమ్మని మాట, ఆవిడ నమ్మని మాట. ఆ గదిలో ఇద్దరం చదువుకున్నవాళ్ళమైపోయాం.

నాలుగో రోజు పెరట్లో సాన యంత్రం మోత మొదలైంది. ఆవిడ లేచింది. గోడ పట్టుకోకుండా నడిచి పెరట్లోకొచ్చింది.

"ఏం చేస్తున్నావ్?"

"గీత తీసేస్తున్నానమ్మా. కాస్త గాడి కొట్టి, కంచు నింపి సాన పెడితే ఇక కనపడదు."

"ఉంచు."

"ఆఫీసరు ఒప్పుకోడు. బొమ్మ వెనక్కి పంపేస్తాడు."

"ఉంచరా. దీన్ని కూడా పూడుస్తావా?"

గీత పొడుగునా అప్పటికే సన్నటి గాడి పడింది. మా ఆయన యంత్రం ఆపేశారు. అదిగో, అప్పుడు ఏడ్చింది మా అత్తయ్య. నిలబడే ఏడ్చింది. కొడుకు భుజం పట్టుకోబోతే చెయ్యి తోసేసింది. నలభై అయిదేళ్ళు దాచుకున్న ఏడుపులో బాధ కంటే కోపమే ఎక్కువ వినపడింది నాకు.

తర్వాత నేనూ మా ఆయనా వంటింట్లో సమావేశమయ్యాం.

"తీయకపోతే ఆయన సంతకం పెట్టడు. తీస్తే అమ్మ..." అని ఆగారు.

"తీయకండి. కనపడకుండా చేద్దాం."

"రెండూ ఒకటేగా!"

"కాదు," అన్నాను. "రంగు పని నాకొదిలెయ్యండి."

విగ్రహానికి రంగు వచ్చాక దాని మీద పల్చగా మైనం రాసి మెరుగు పెడతాం. నేను ఆ మైనంలో దీపం మసి కలిపాను, చిటికెడు ఎర్రమట్టి కలిపాను, విగ్రహం రంగుకి సరిపోయేదాకా కలుపుతూనే ఉన్నాను. గీతలో వేలితో కూరి పైన గుడ్డతో రుద్దాను. కళ్ళజోడు పెట్టుకుని వెతికినా దొరకదు. ఎండకి మెత్తబడి, మొదటి పెద్ద వానకి కొట్టుకుపోయే మైనం అది. గట్టి మైనం కూడా ఉంది మా ఇంట్లో. పై అరలో ఉంది. అందలేదు అనుకుందాం.

"ఇది మోసం కదే?" అన్నారు మా ఆయన.

"నర్సుకి నవ్వు పెంచినప్పుడు ఏమైంది మీ నిజాయితీ?"

ఆయన మళ్ళీ చూరు వంక చూశారు.

నవ్వు సార్ వచ్చి అయిదు విగ్రహాల చుట్టూ తిరిగి, తట్ట మోసే ఆవిడ దగ్గర ఆగి, తుంటి నుంచి మోకాలిదాకా చెయ్యి వేసి నిమిరాడు. నేను పక్కనున్న నర్సుని గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాను.

"మెరుగు బ్రహ్మాండంగా ఉందండీ," అన్నాడు. సంతకం పెట్టాడు.

ఆవిష్కరణకి మమ్మల్నీ పిలిచారు. పద్దెనిమిదో వరసలో కూర్చోబెట్టారు. ఒక పెద్దాయన ఉపన్యాసం మొదలుపెట్టాడు. మధ్యలో ఆపితే దేశం నిలబడదని ఆయనకెవరో చెప్పినట్టున్నారు. త్యాగం అన్న మాట వచ్చినప్పుడల్లా చప్పట్లు మోగాయి. మా అత్తయ్య చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

ఆ రోజు నుంచీ ఆవిడకి ఆకాశంతోనే పని. పొద్దున్న లేవగానే పెరట్లోకెళ్ళి పైకి చూడటం, "మబ్బు లేదే," అనుకుంటూ రావడం. మా ఆయనేమో ఆఫీసు నుంచి ఫోనొస్తే ఏం చెప్పాలో అద్దం ముందు సాధన చేసుకునేవారు. "ఎండ ప్రభావం సార్" అని ఒకసారి, "లోహ స్వభావం సార్" అని ఒకసారి. రెండూ బాగా లేవని చెప్పాను.

పన్నెండో రోజుకి వాన పడింది. మామూలుగా కాదు, చూరు కింద బకెట్లు పెట్టేంతగా. రాత్రి కురిసి పొద్దున తెరిపిచ్చింది. నేను కాఫీ పెడుతుంటే ఆవిడ అప్పటికే చెప్పులేసుకుని, గొడుగు పట్టుకుని గుమ్మంలో ఉంది.

కూడలి దగ్గర బస్సు దిగాం. నలుగురూ నవ్వుతున్నారు. అయిదో ఆమె తడిసి నల్లగా మెరుస్తోంది. తుంటి నుంచి మోకాలిదాకా మైనం పోయి గీత తేటగా కనపడుతోంది. రోడ్డుకి అవతల నుంచే కనపడుతోంది. మా అత్తయ్య దగ్గరికి పోలేదు. బస్టాపు బల్ల మీద కూర్చుని అక్కణ్ణించే చూసింది.

"బాగా కలిపావే," అంది. ఈ ఇంటికొచ్చాక నా చదువుని ఆవిడ మెచ్చుకోవడం అదే మొదలు.

పక్కన బస్సు కోసం చూస్తున్న ఒకావిడ, భుజానికి ఆఫీసు సంచీ ఉంది, విగ్రహాల వైపు చూసి పెదవి విరిచింది. "నిన్నగాక మొన్న పెట్టారు. అప్పుడే పగిలిపోయింది చూడండి."

"పగల్లేదమ్మా," అంది మా అత్తయ్య. "అక్కడ పోత ఆపారు."

"ఎందుకూ?"

"మనిషి జారాడు."

"అయ్యో! ఏమైంది ఆయనకి?"

"ఏమీ కాలేదు. ఆపారుగా."

"నయం," అందావిడ. ఇంకోసారి విగ్రహం వంక, ఈసారి కాస్త నిదానంగా చూసింది. అంతలో ఆవిడ బస్సొచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది.

వెనకాలే మా బస్సూ వచ్చింది. నేను లేచాను. మా అత్తయ్య లేవలేదు. గొడుగు మడిచి పక్కన పెట్టుకుని, నాకు చోటిస్తూ కాస్త జరిగింది.

"కూర్చోవే," అంది. "వచ్చే బస్సులో దిగేవాళ్ళు కూడా అడుగుతారేమో."